కాగితం పాము

మేకు కొట్టింది నేనే. ఆ ముక్క ముందే చెప్పేస్తే మిగతాది నింపాదిగా చెప్పుకోవచ్చు. దాచిపెట్టి మొదలుపెడితే ఎక్కడో ఒకచోట నాలుక తడబడుతుంది.

మా పిచ్చుక రెండో తరగతి. పిచ్చుక అనేది పెట్టిన పేరు కాదు. పుట్టినప్పుడు గుప్పెడంత ఉండేది, మా అత్తయ్య చూసి "పిల్లా, పిచ్చుకా?" అంది, అదే నిలిచిపోయింది. వాళ్ళ బళ్ళో వారానికో కాగితం ఇస్తారు. పైన 'చేసి చూద్దాం' అని ఉంటుంది. ఇంట్లో ఉన్న వస్తువులతోనే ఏదో ఒకటి చేయాలి, శ్రద్ధగా చూడాలి, చూసింది చూసినట్టు నోటుబుక్కులో రాయాలి. ఒక వారం నీళ్ళలో ఏవి తేలతాయి, ఏవి మునుగుతాయి. ఇంకో వారం తెల్లపువ్వు కాడను రంగునీళ్ళలో పెట్టి తెల్లారేసరికి పువ్వుకు రంగు ఎక్కిందో లేదో చూడటం.

నేను ఎనిమిదో తరగతి సగంలో మానేసినదాన్ని. మా తమ్ముడు పుట్టాడు, మా అమ్మకు ఒంట్లో బాగాలేదు, "నాలుగు రోజులు బడి మానితే ఏం పోతుంది" అన్నారు. ఆ నాలుగు రోజులు ఇంకా అవలేదు. మా రోజుల్లో సైన్సంటే లేచి నిలబడి గట్టిగా చదవడమే, దేన్నీ ముట్టుకున్న పాపాన పోలేదు. అందుకని ఆ కాగితం వచ్చిన రోజు పిచ్చుక కంటే నాకే సంబరం. పొద్దున ఎనిమిదింటి నుంచి రెండింటిదాకా అట్టపెట్టెల కార్ఖానాలో పెట్టెలు మడుస్తాను. మడుస్తున్నంతసేపూ ఇంటికెళ్ళి ఏం చేద్దామా అనే ధ్యాస.

గ్లాసు పని గుర్తుంది. గ్లాసు అడుగున కాగితం కుక్కి, బోర్లించి, బకెట్టు నీళ్ళలో నిలువుగా ముంచాలి. తీస్తే కాగితం తడవదు. మొదటిసారి తీసినప్పుడు నేనూ దానిలాగే నోరు తెరిచాను.

"గ్లాసు ఖాళీ కాదమ్మా," అంది పిచ్చుక, కాగితంలో ఉన్నది అప్పజెబుతూ. "అందులో గాలి ఉంది. ఖాళీగా కనిపించే ప్రతిచోటా గాలి ఉంటుంది."

మంచం మీద నుంచి మా అత్తయ్య అందుకుంది. "ఖాళీ చోట గాలి ఉంటుందని మేము ఎప్పట్నుంచో మొత్తుకుంటున్నాం. మీ టీచరు ఇవాళ కనిపెట్టిందా?"

మా ఇంట్లో గాలి అనే మాటకు రెండు అర్థాలు. పిచ్చుకది ఊదితే వచ్చే గాలి. మా అత్తయ్యది సోకే గాలి. పిల్ల అన్నం తినకపోతే గాలి, నిద్రలో ఉలిక్కిపడితే గాలి, ఎవరైనా ఊరికే గోడవంక చూస్తూ కూర్చుంటే గాలి. చలికాలం వచ్చిందంటే కిటికీ సందుల్లో పాతగుడ్డలు కుక్కుతుంది. చలిగాలి రాకుండా అని పైకి చెప్పినా, ఏ గాలికి భయపడుతోందో మాకు తెలుసు. నేను నవ్వుతాను గానీ, నవ్వాక ఒకసారి కిటికీ వైపు చూస్తాను. నా చదువు అంతవరకే వచ్చింది.

తర్వాతి వారం కాగితం పాము వచ్చింది.

గట్టి కాగితం మీద నత్తగుల్లలా చుట్టలు చుట్టుకుపోయే గీత గీసి, ఆ గీత వెంటే కత్తిరించాలి. తల దగ్గర దారం కట్టి వేలాడదీస్తే పాము మెలికలుగా కిందికి జారుతుంది. దాని కింద జానెడు దూరంలో కొవ్వొత్తి పెడితే పాము గిర్రున తిరుగుతుంది. వేడి గాలి తేలికట, పైకి పోతుందట, పోతూ పోతూ పామును తిప్పుతుందట. కొవ్వొత్తి తీసేస్తే ఆగిపోతుంది. కాగితం చివర ఒక ప్రశ్న: ఎందుకు ఆగింది?

వేలాడదీయడానికి చోటు లేదు. లాండ్రీ పైన మాది ఒకటే గది, వెనకాల పావు గదంత వంటిల్లు. మా ఆయన లారీ మీద ఉంటాడు, ఇరవై రోజులకోసారి ఇల్లు చూస్తే గొప్ప. గోడకు మేకు కొట్టొద్దని ఇంటాయన పదిసార్లు చెప్పి మరీ తాళం ఇచ్చాడు. మా అత్తయ్య పాలకు వెళ్ళిన సమయం చూసి, మంచం తలవైపు గోడకు, నా తల ఎత్తున మేకు పెట్టి రాయితో కొట్టాను.

రెండో దెబ్బకు అరచేయంత పెచ్చు ఊడి పడింది. దాని వెనక ఇటుక లేదు. పసుపు పట్టిన పాత పేపరు, గుడ్డపీలికలు, వాటి వెనక చీకటి. వేలు పెట్టి చూశాను.

లోపల వెచ్చగా ఉంది. ఎండకు కాలిన గోడ వెచ్చన కాదు. మనిషి చంకలో చెయ్యి పెడితే ఉండే వెచ్చన.

వేలు లాక్కున్నాను. పిచ్చుక అడిగింది, "ఏముందమ్మా లోపల?"

"ఏం లేదు. ఖాళీ."

"ఖాళీ ఉండదు కదా."

మేకు పక్కకు జరిపి గట్టి ఇటుకలో కొట్టాను. ఆ బొక్క మీద క్యాలెండరు తగిలించాను. మేకు నుంచి కిటికీ ఊచకు దారం లాగి, గోడకు జానెడు దూరంలో పామును కట్టాం. "ఇంటాయనకు తెలిస్తే తిడతాడు, నానమ్మకు చెప్పకు," అన్నాను. పిచ్చుక రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. చెప్పనని ఒట్టు అన్నమాట.

మంచం కాస్త జరిపి, స్టూలు మీద కొవ్వొత్తి పెట్టాం, పాము తిరిగింది. పిచ్చుక చప్పట్లు కొట్టింది. కొవ్వొత్తి ఆర్పాం. పాము నెమ్మదించింది గానీ ఆగలేదు. వేడి ఇంకా మిగిలి ఉందేమోనని వంటింట్లోకి వెళ్ళిపోయాను.

మర్నాడు పని నుంచి వచ్చేసరికి మా అత్తయ్య మంచం మీద కూర్చుని పైకే చూస్తోంది.

"అమ్మాయ్, ఇది ఎప్పుడు ఆగుతుంది?"

పాము తిరుగుతోంది. కింద కొవ్వొత్తి లేదు, స్టూలు కూడా లేదు. కిటికీ మూసి ఉంది, తలుపు మూసి ఉంది. చుట్టు తర్వాత చుట్టు, తొందర లేకుండా, ఎవరో వేలితో తిప్పుతున్నట్టు. దాని పక్కన గోడ మీద క్యాలెండరు అడుగు అంచు లేచింది, మళ్ళీ గోడకు ఆనింది. కాసేపటికి మళ్ళీ లేచింది. నిద్రపోతున్న మనిషి పొట్ట ఎలా లేచి పడుతుందో అలాగ.

బొక్క సంగతి నాకు తెలుసు కాబట్టి సందులోంచి గాలి వస్తోంది కాబోలు అనుకోవాలి. అనుకున్నాను కూడా. కానీ ఆ గోడకు అవతల వీధి లేదు, పక్కింటి గది లేదు. మెట్ల గోడ అంతే. అక్కడ్నుంచి ఏ గాలి వస్తుంది? ఆ మాట పైకి అడగాలంటే మేకు మాట చెప్పాలి. "అదే ఆగుతుందిలే అత్తయ్యా," అన్నాను.

పిచ్చుక నోటుబుక్కులో ఉన్నదున్నట్టు రాసింది. 'కొవ్వొత్తి తీసేశాను. పాము ఆగలేదు.' రెండు రోజులకు బుక్కు తిరిగొచ్చింది. కింద ఎర్రసిరాతో టీచరమ్మ రాసింది: 'కొవ్వొత్తి తీస్తే పాము ఆగాలి. మళ్ళీ చూడు.'

పిల్ల బ్యాగు విసిరేసి మూలన కూర్చుంది. "నేను అబద్ధం రాయలేదు."

"రాయలేదే తల్లీ. నేనూ చూశాగా."

"మరి టీచరు నన్నే ఎందుకు అలా అంది?"

"మళ్ళీ చూడమంది కదా, చూద్దాం. రోజూ చూసి రాసుకుంటూ పో. అప్పుడు ఎవరేం అంటారు?"

అలా పట్టిక మొదలైంది. ఒక పేజీ నిండా గళ్ళు. రోజు, తిరిగింది, తిరగలేదు. ఒంటిపూట బడి నుంచి మధ్యాహ్నం రాగానే ఒకసారి, నేనొచ్చాక ఒకసారి చూసి టిక్కు పెట్టేది. పక్కన ఉన్న సన్నని గడిలో తోచింది రాసేది. 'వేగంగా.' 'కొంచెం.' 'ఇవాళ ఆగింది.'

పట్టిక గళ్ళు నిండేకొద్దీ పిల్ల వాడిపోతూ వచ్చింది. మొదట నిద్ర అన్నారు, పెరిగే పిల్లలు ఎక్కువ పడుకుంటారని. మధ్యాహ్నం రెండు ముద్దలు తిని మంచమెక్కితే సాయంత్రానికి గానీ లేచేది కాదు. లేచాక తల పట్టుకునేది. ఒకరోజు తిన్నదంతా కక్కుకుంది. వీధి చివర డాక్టరు కడుపు నొక్కి చూసి నులిపురుగులన్నాడు, తియ్యటి మందు ఇచ్చాడు. బుగ్గలు మాత్రం గులాబీ రంగులో ఉండేవి. దారిన పోయేవాళ్ళు "పిల్ల బాగా తేరుకుందే" అనేవాళ్ళు. నాకూ సాయంత్రాలు కణతలు పగిలిపోయేవి, కార్ఖానాలో జిగురు వాసన అనుకునేదాన్ని.

ఇంట్లో వాసన కూడా మారింది. చెడ్డ వాసన కాదు. ఎవరో తలస్నానం చేసి, ఉతికిన బట్టలు కట్టుకుని, ఇప్పుడే గదిలోంచి అలా నడిచి వెళ్ళినట్టుండే వాసన.

"గాలి సోకింది," అంది మా అత్తయ్య. ఈసారి ఎవరం నవ్వలేదు. "ఆ పాము తెచ్చినప్పట్నుంచే. ఖాళీ ఖాళీ అని గ్లాసులు ముంచి, లేనిదాన్ని పిలిచి కూర్చోబెట్టారు తల్లీకూతుళ్ళు."

"అది కాగితం, అత్తయ్యా."

"కాగితమైతే ఎందుకు తిరుగుతోంది? నువ్వు చెప్పు. చదువుకున్నదానివి కదా, నాకంటే ఆరు తరగతులు ఎక్కువ చదివావు."

ఆవిడ కిటికీ సందులకు గుడ్డలు చాలక పేపరు తడిపి అతికించింది. తలుపు మీది వెంటిలేటరుకు అట్ట కట్టింది. ఆ అట్ట కార్ఖానా నుంచి తెచ్చింది నేనే.

శనివారం మధ్యాహ్నం నేనొచ్చేసరికి ఇద్దరూ పడుకున్నారు. పిచ్చుక పక్కన నడుం వాల్చాను. కిటికీ మీది పేపర్లోంచి ఎండ పసుప్పచ్చగా పడుతోంది. ట్రంకుపెట్టె మీద ఒకామె కూర్చుని ఉంది. మాకు వీపు పెట్టి. ఒళ్ళో బట్టలు పెట్టుకుని ఒక్కొక్కటే మడుస్తోంది. భుజం కదలడం, గుడ్డ దులపడం, చదును చేయడం. నేను చూస్తూ పడుకున్నాను.

నాకు భయం వేయలేదు. ఇప్పుడు తల్చుకుంటే భయం వేసేది ఆ సంగతికే. మడవనీలే, నాకు కొంత పని తగ్గుతుంది, అనుకున్నాను. కళ్ళు మూతలు పడుతుంటే పిచ్చుక కళ్ళు తెరవకుండానే అంది:

"ఆమె రోజూ వస్తుందమ్మా. నా మీద ఊదుతుంది. వెచ్చగా ఉంటుంది."

మళ్ళీ చూసేసరికి పెట్టె మీద ఎవరూ లేరు. బట్టలూ లేవు. పాము తిరుగుతోంది.

ఆదివారం మా అత్తయ్య తేల్చేసింది. "రేపట్నుంచి పిల్ల బడికి వెళ్ళదు. ఆ కాగితాలు గడప దాటి లోపలికి రాకూడదు. నాలుగు రోజులు ఇంట్లో వెచ్చగా పడుకోబెడితే అదే తగ్గుతుంది."

నాలుగు రోజులు. ఆ లెక్క నాకు బాగా తెలుసు. అయినా సరేనన్నాను. పిల్ల మెడ నిలపలేకపోతోంటే బడి గురించి వాదించే నోరు ఏ తల్లికి వస్తుంది? దీన్ని బడికి పంపితే దారిలో పడిపోతుందని ఒక భయం, ఇంట్లో ఉంచితే ఆ పెట్టె మీద ఆమె ఉందని ఇంకో భయం. రెంటి మధ్యా నాలుగు రోజులు గడిచాయి. పిల్ల ఎక్కడికీ వెళ్ళకుండా రోజంతా ఆ గదిలోనే ఉంది. మధ్యలో బుధవారం కాస్త లేచి కూర్చుంది, తగ్గిందని సంతోషపడ్డాం. గురువారం మళ్ళీ మంచానికి అతుక్కుపోయింది.

శుక్రవారం పన్నెండింటికే కార్ఖానా మేస్త్రీని బతిమాలుకుని బడికి వెళ్ళాను, పిల్ల ఇంకొన్నాళ్ళు రాదని చెప్పడానికి. నోటుబుక్కు ఎందుకు పట్టుకెళ్ళానో తెలీదు. పట్టికలోనైనా పిల్ల అబద్ధం చెప్పలేదని చూపించాలనేమో.

టీచరమ్మ నాకంటే రెండు మూడేళ్ళు పెద్దది, అంతే. తరగతి గదిలో ఒక్కతే కూర్చుని ఖాళీ సీసాల మూతులకు బుడగలు తొడుగుతోంది, మధ్యాహ్నం పూట బడికొచ్చే పిల్లల కోసం.

"పాపకు ఎలా ఉందమ్మా?"

"గాలి సోకిందండీ," అన్నాను. అనేశాక నాలుక కరుచుకున్నాను. వచ్చేముందు జ్వరం అని చెప్పాలనుకున్నాను.

ఆవిడ నవ్వలేదు. బుడగ పక్కన పెట్టింది. "ఏ గాలి?"

ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు అప్పటిదాకా. గాలి సోకింది అంటే అయ్యో అంటారు, లేదంటే నవ్వుతారు. ఏ గాలి, అని అడిగేవాళ్ళుంటారా?

"ఏమోనండీ," అని బుక్కు ముందు పెట్టాను. "పాము ఆగట్లేదు. మీరు మళ్ళీ చూడమన్నారుగా. రోజూ చూసింది."

ఆవిడ గళ్ళ మీద వేలు పెట్టి కిందికి జరుపుతూ పోయింది. సన్నని గడిలో 'ఆమె ఊదింది' అని ఉన్నచోట వేలు ఆగింది. నా వంక చూసింది. మళ్ళీ జరిపింది.

"బుధవారం ఆగింది. ముందు వారం బుధవారమూ ఆగింది. మొన్న బుధవారమూ. మీ ఇంట్లో బుధవారం ఏం మారుతుంది?"

"ఏం మారదండీ. బుధవారమూ పనికి వెళ్తాను."

"పాప ఎలా ఉంటుంది బుధవారం?"

వెనక్కి లెక్కేసుకున్నాను. మొన్న బుధవారం లేచి కూర్చుంది. ముందు వారం బుధవారం వాళ్ళ నానమ్మతో గొడవపడి మరీ పళ్ళెంలో ఉన్నదంతా తినేసింది. నాకూ ఆ సాయంత్రం తల నొప్పి లేదు.

"నాకూ తెలీట్లేదమ్మా," అంది టీచరమ్మ. గొంతు తగ్గింది. "కానీ దానంతటది తిరగదు. ఎక్కడో కొవ్వొత్తి ఉండాలి. నేను పాపను అనుమానించి తప్పు చేశాను. మీరు వెళ్ళి ఆ కొవ్వొత్తి ఎక్కడుందో చూడండి. నాలుగింటికి బడి అవగానే నేనూ వస్తాను."

నడుస్తూ అదే అనుకున్నాను. కొవ్వొత్తి పాము కింద ఉండాలి. పాము కింద మా మంచం. మంచం కింద చెప్పులు. దాని కింద నేల.

ఇంటి ముందుకొచ్చి ఆగాను. మా నేల కింద ఏముందో ఆ రోజే మొదటిసారి చూసినట్టు చూశాను. లాండ్రీ షట్టరు పైకెత్తి ఉంది. లోపల తెల్లటి ఆవిరి. ఉతికిన బట్టల వాసన, మా గదిలో ఉండేదే. షట్టరు పక్కన బోర్డు మీద ఎప్పట్నుంచో ఉన్న అక్షరాలు: బుధవారం సెలవు.

లాండ్రీ బాబాయ్ దుప్పట్లు మడుస్తున్నాడు. వెనక గోడ దగ్గర మనిషంత ఎత్తు బాయిలరు బుసలు కొడుతోంది. దాని నెత్తిన రేకు గొట్టం, వంకర తిరిగి గోడలోకి దూరింది.

"బాబాయ్, ఆ గొట్టం ఎటు పోతుంది?"

"అదా? ఈ గోడలో పాతకాలం పొగగూడు ఉందమ్మా. బాయిలరు కొత్తగా తెచ్చాంగా, బయటికి గొట్టం వేయడం ఎందుకని అందులో కలిపేశాం. పైకి పోతుంది."

"పైకంటే?"

"దాబా మీదికి." చేతిలో దుప్పటి ఆగింది. "అంటే... మొన్న కారుతోందని ఇంటాయన దాబా మీద రంధ్రాలన్నీ సిమెంటు పెట్టించాడు. దాన్ని వదిలేసుంటాడు కదా." ఆ మాట నన్నే అడుగుతున్నట్టు అన్నాడు.

"ఆపెయ్ బాబాయ్," అన్నాను. అరిచానో గొణిగానో గుర్తు లేదు. మెట్లెక్కుతున్నాను.

తలుపు గడియ పెట్టి లేదు, అయినా రాలేదు. కింద సందులో మా అత్తయ్య గుడ్డ కుక్కింది. భుజంతో రెండుసార్లు గుద్దితే తెరుచుకుంది. లోపల ఎండ పసుప్పచ్చగా ఉంది. ప్రశాంతంగా ఉంది. క్యాలెండరు గోడకు అడ్డంగా ఎగిరి నిలబడి ఉంది, దాని కింద అరచేయంత నలుపు. పాము ఎంత వేగంగా తిరుగుతోందంటే పాములా లేదు, నిలబడిన ఒక మసక గొట్టంలా ఉంది.

మా అత్తయ్య మంచం అంచున వాలిపోయి ఉంది. చెయ్యి పిచ్చుక వీపు మీద. జోకొడుతూ ఆగిపోయిన చెయ్యి.

పిచ్చుకను ఎత్తుకున్నాను. తల వెనక్కి వేలాడింది. గుప్పెడంత పిల్ల రాయిలా బరువెక్కింది. మెట్ల మలుపులో కిటికీ తెరిచి ఉంది, దాని కింద పడుకోబెట్టి, "తీసుకో, తల్లీ, గాలి తీసుకో" అన్నాను. ఆ మాట అంటున్నది నేనేనా అనిపించింది. ఛాతీ లేస్తోంది, కానీ ఒక్కోసారి లేచి చాలాసేపు మళ్ళీ లేవట్లేదు.

మా అత్తయ్య కోసం మళ్ళీ లోపలికి వెళ్ళాను. ఆవిడ చంకల కింద చేతులు వేశాను. ఎత్తలేకపోయాను. ఒక్క నిమిషం ఇక్కడే ఆవిడ పక్కన కూర్చుని ఓపిక తెచ్చుకుందామనిపించింది. వెచ్చగా ఉంది. కూర్చోమని ఎవరో పక్కకు జరిగి చోటిచ్చినట్టే ఉంది. మోకాళ్ళు వంగాయి కూడా.

లాండ్రీ బాబాయ్ ముక్కుకు తువ్వాలు కట్టుకుని వచ్చి మా ఇద్దర్నీ ఒకేసారి గుంజాడు. తర్వాత ఇస్త్రీపెట్టెతో కిటికీ అద్దాలు పగలగొట్టాడు.

ఆస్పత్రిలో ఇద్దరికీ మూతికి ముక్కుకు ఆక్సిజన్ మాస్కులు పెట్టారు. డాక్టరమ్మ నన్ను కూడా కూర్చోబెట్టి మాస్కు తగిలించింది. పొగ సరిగ్గా బయటికి పోకపోతే అందులో వాసన లేని, రంగు లేని విషం తయారవుతుందట. అది ఊపిరితో పాటు నెత్తుట్లోకి పోయి మంచిగాలి చోటు ఆక్రమిస్తుందట. మనిషికి నిద్ర వస్తుంది, తల నొప్పి, వాంతి, లేనివి కనిపిస్తాయి. ఆ నిద్రలోనే పోతారు. ఇంకో గంట ఆగుంటే, అని ఆవిడ మొదలుపెట్టి నా మొహం చూసి ఆపేసింది.

మా అత్తయ్య చీకటి పడకముందే కళ్ళు తెరిచింది. మాస్కు పక్కకు లాగి, "ఏమైందమ్మా మాకు?" అని అడిగింది.

"చెడ్డ గాలి పీల్చారు," అంది డాక్టరమ్మ, మాస్కు మళ్ళీ సర్దుతూ.

"నేను చెప్పలా," అంది మా అత్తయ్య నాతో, మాస్కులోంచే.

పిచ్చుక ఇంకా లేవలేదు. మంచం పక్కన నిలబడి, దాని కాలి వేళ్ళు పట్టుకుని, మా అత్తయ్యకు మొత్తం చెప్పేశాను. మేకు, పెచ్చు, బొక్క, క్యాలెండరు. ఆవిడ తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండేది.

"మొద్దుదానా," అంది. "చెప్పుంటే ఆ బొక్కలోనే ఓ గుడ్డ కుక్కేదాన్ని. ఊళ్ళో ఉన్న సందులన్నీ కుక్కాను, అదొక్కటి వదిలి."

నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి నాకు. ఆవిడ కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నాను.

"పోన్లే, ఆమె ఉత్తదే అన్నమాట," అంది. "ఎప్పుడూ వీపు పెట్టుకుని కూర్చునేది. బట్టలు మడుస్తూ."

నేను ఆమె సంగతి ఎవరికీ చెప్పలేదు. మేకు సంగతి చెప్పినప్పుడు కూడా చెప్పలేదు. డాక్టరమ్మ వంక చూశాను, ఆవిడ ఏదో రాసుకుంటోంది. తర్వాత టీచరమ్మ వచ్చినప్పుడు అడిగాను. కింద లాండ్రీ ఉంది, ముగ్గురికీ ఆ వాసనే తెలుసు, ఆ వాసనకు ముగ్గురి తలా అదే కలగని ఉంటుంది, అంది. నిజమే అయ్యుంటుంది. ముగ్గురికీ వీపే ఎందుకు కనిపించిందో ఆవిడ చెప్పలేదు, నేనూ అడగలేదు.

పిచ్చుక మర్నాడు పొద్దున్న లేచింది. డాక్టరమ్మ వేళ్ళు చూపించి లెక్కపెట్టమంది. నాలుగు అంది. నాలుగే. నేను బయటికెళ్ళి గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను.

ఇంటాయన పొగగూడు ఇటుకలతో మూయించాడు. లాండ్రీ బాబాయ్ బాయిలరు గొట్టం వీధివైపు తిప్పించి, ఎటు పోతోందో నన్ను పిలిచి మరీ చూపించాడు. వేరే ఇల్లు దొరకలేదు, ఆ గదికే తిరిగొచ్చాం. పిచ్చుక బడికి వెళ్తోంది. వారం వారం కాగితం వస్తోంది. ఇప్పుడు వాళ్ళ నానమ్మే ముందు చదివించుకుంటోంది, ఈసారి ఏం తిప్పమన్నారని.

నేను పని మధ్యాహ్నానికి మార్పించుకున్నాను, అత్తయ్యనూ వెంటబెట్టుకుని పిల్లను బడి నుంచి నేనే తీసుకురావడానికి. తలుపు తాళం తీశాక ముగ్గురం ఒకేసారి లోపలికి వెళ్ళం. వాళ్ళిద్దర్నీ మెట్ల మలుపులో కిటికీ దగ్గర నిలబెడతాను. నేనొక్కదాన్నే వెళ్ళి, తలుపు మూసి, గది మధ్యలో నిలబడతాను. వంద ఊపిరులు. తల బరువెక్కిందా, కళ్ళు మూతలు పడుతున్నాయా, ఎక్కడైనా కూర్చోవాలనిపిస్తోందా, ఒక్కో ఊపిరికీ చూసుకుంటాను. డాక్టరమ్మకు చెబితే వద్దంది. గోడ మూసేశారు కదమ్మా, విషగాలిని కనిపెట్టే పరికరం కూడా పెట్టారు కదా, అంది. పెట్టారు. దాని ఎర్రలైటు కన్ను మిణుకు మిణుకుమంటూనే ఉంటుంది. అది యంత్రం. నేను తల్లిని.

వాసన లేనిది, రంగు లేనిది ఉందో లేదో తెలియాలంటే ఇంకేం దారి ఉంది? ఎవరో ఒకరు ముందు పీల్చి చూడాలి.

యాభై దాటాక తలుపు అవతల నుంచి పిచ్చుక అడుగుతుంది, రోజూ. "అమ్మా, ఉన్నావా?"

"ఉన్నా."

డెబ్బై. ఎనభై. గదిలో ఏమీ కదలదు. ఖాళీగా ఉంటుంది.

"అమ్మా, ఉన్నావా?"

నిన్న ఆ మాటకు వెంటనే బదులివ్వలేకపోయాను. తొంభైల్లో లెక్క తప్పింది. నిజంగా లెక్కే తప్పిందా, లేక ఇంకేమైనానా అని ఆగి ఆలోచిస్తున్నాను. అంతలో తలుపు మీద చిన్న చేతులు దబదబా కొట్టడం, మా అత్తయ్య దాన్ని వెనక్కి లాగడం వినిపించాయి.

"ఉన్నానే," అని, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాను.